బొత్తాం లేని స్వెటరు

ఊలు పిన్ని ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు హాల్లో కుర్చీలో కూర్చున్న పిల్లవాణ్ణి చూసి పలకరిస్తారు. వాడు పలకడు. వీళ్ళు రెండోసారి పలకరించబోయేలోగా పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వాడి తల ఊడదీసి టీపాయి మీద పెట్టి, ఒంటిమీది స్వెటరు లాగేసి, ఇంకోటి తొడిగి, మళ్ళీ తల బిగించి, "ఆఁ, చెప్పండి, టీ తాగుతారా, కాఫీయా?" అంటుంది. వచ్చినవాళ్ళలో చాలామంది మంచినీళ్ళు చాలంటారు.

వాడు బొమ్మ. పేరు దొరబాబు. పిల్లల బట్టల దుకాణంలో అద్దం వెనక కూర్చుని ఏళ్ళ తరబడి వీధిని చూసినవాడు. ఆ దుకాణంలో పిన్ని కౌంటరు దగ్గర పనిచేసేది. దుకాణం మూసేసిన రోజు యజమాని పనివాళ్ళందరినీ పిలిచి, ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపొమ్మన్నాడు. తోటివాళ్ళు ఫ్యానూ, గోడ గడియారమూ, గల్లాపెట్టె పక్కనుండే తిరుగుడు కుర్చీ నాకంటే నాకని పోట్లాడుకుంటుంటే, పిన్ని దొరబాబునీ, గోదాములో చెదపురుగులు సగం చదివి వదిలేసిన ఒక అల్లికల పుస్తకాన్నీ చంకన పెట్టుకుని బస్సెక్కింది. పిల్లాడికి టిక్కెట్టు తీసుకోమన్నాడు కండక్టరు. పిన్ని వాడి తల ఊడదీసి సంచీలో వేసుకుంది. కండక్టరు మళ్ళీ ఆ పక్కకి రాలేదు.

దుకాణాల బొమ్మలకి తల ఊడిరావడం మామూలే. బట్టలు మార్చడానికి అదే వీలు. పిన్నికి అంతకుమించి దాని గురించి ఆలోచించవలసిన అవసరం ఎప్పుడూ కలగలేదు. కథంతా అక్కడే ఉంది.

చెదలు మిగిల్చిన ఆ పుస్తకం ఆవిడకి కొత్త లోకం చూపించింది. ఎప్పటి పుస్తకమో తెలీదు, అట్ట లేదు. లోపల మాత్రం నలుపు తెలుపు ఫోటోల్లో పిల్లలు బుట్టల్లో, మెత్తల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కడూ నవ్వడు. అందరూ బొద్దుగా, గంభీరంగా, పదవీ విరమణ చేసిన న్యాయమూర్తుల్లా ఉన్నారు. ఒంటిమీద గుండ్రటి భుజాల స్వెటర్లు, అంచుకి నెమలికన్ను అల్లిక, గడ్డం కింద రిబ్బనుతో ముడివేసే టోపీలు, చీలమండ దగ్గర తాడు లాగి కట్టే ఊలు బూట్లు. పిన్ని అప్పటిదాకా అమ్మిన బట్టలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పుట్టి నాలుగు రోజులు కాని బిడ్డ ఛాతీ మీద ఎలుగుబంటి బొమ్మ, దాని కింద 'నేనే బాసు' అని రాత. ఆ బాసుకి మెడ నిలవదు. ఇన్నాళ్ళూ ఇలాంటివి అమ్మి తిన్నానా అని ఆవిడ ఒళ్ళు జలదరించింది. అప్పటికి ఆవిడ కొడుకు బడిలో చేరి నిక్కర్లు చింపుతున్నాడు కాబట్టి వాడి మీద ప్రయోగానికి వీల్లేదు. దొరబాబే గతి.

అల్లేవాళ్ళ గురించి, ప్రతి కుట్టులోనూ ప్రేమ ఉంటుందని రాసేవాళ్ళు సాధారణంగా జన్మలో సూది పట్టి ఉండరు. ప్రతి కుట్టులోనూ ఉండేది లెక్క. లెక్క తప్పితే తిట్టు. ఎవరైనా బంధువులు కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత ప్రేమగా అల్లావు పిన్నీ," అంటే ఆవిడ, "ప్రేమ కాదమ్మా, రెండు సూటిగా, ఒకటి తిరగేసి," అనేది.

పుస్తకాన్ని ఆవిడ గౌరవించింది గానీ గుడ్డిగా నమ్మలేదు. రెండు చోట్ల సరిదిద్దింది. మొదటిది, పుస్తకంలో ప్రతి స్వెటరుకీ భుజం మీద చీలిక, దానికి మూడు బొత్తాలు. పిన్ని బొత్తాలు తీసేసి, చీలిక మూసేసింది. కౌంటరు దగ్గర ఆవిడ విన్న ఫిర్యాదుల్లో సగం ఊడిన బొత్తాల గురించే. పైగా బొత్తాం ఉందంటే అక్కడ అల్లిక ఆగిపోయినట్టని ఆవిడ అభిప్రాయం. రెండోది, మెడ. మిగతా సగం ఫిర్యాదులు సాగిపోయిన మెడల గురించి. అందుకని మెడ దగ్గర చివరి వరస ముగించేటప్పుడు పిన్ని పళ్ళు బిగపట్టి, ఊలుని వేలికి చుట్టి, ఒక్కో కుట్టునీ మూట కట్టినట్టు బిగించేది. "నా మెడలు సాగవు," అని ఆవిడ గర్వంగా చెప్పుకునేది. ఆ మాటని కాదన్నవాళ్ళు లేరు.

బంధువుల్లో, ఇరుగుపొరుగులో, భర్త ఆఫీసులో ఎవరింట బిడ్డ పుట్టినా ఊలు పిన్ని జత వెళ్ళేది. స్వెటరు, టోపీ, బూట్లు. పెట్టె తెరిచిన ప్రతివాళ్ళూ నోరు తెరిచేవాళ్ళు. నిజంగానే అంత అందంగా ఉండేవి. తర్వాత ఫోటోలు వచ్చేవి. ఆ ఫోటోలన్నీ భోజనాల బల్ల పక్క గోడ మీద వరసగా అంటించి ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ టోపీ పెట్టుకున్న ఒక బిడ్డ, గడ్డం కింద చక్కగా పరుచుకున్న స్వెటరు.

ఇంత జరిగినా, తన స్వెటరు ఒక్కటంటే ఒక్కటి ఒక బిడ్డ ఒంటిమీద ఉండగా పిన్ని కళ్ళారా చూడలేదు. ఎప్పుడు వెళ్ళినా క్షణంలో తప్పిపోయేది. "ఇప్పుడే పడుకున్నాడు పిన్నీ, లేపితే ఊరు లేస్తుంది." "ఉక్కగా ఉందని తీసేశాం." "పాడైపోతుందని బీరువాలో దాచాను, పెద్దయ్యాక చూపిస్తాను." ఒకావిడైతే అద్దం బిగించి పటం కట్టించి గోడకి తగిలించింది. పిన్ని ఆ పటం ముందు నిలబడి, సంతోషించాలో సంతాపం ప్రకటించాలో తెలియక టీ తాగి వచ్చేసింది. ఆవిడ చేసింది బట్టలు. బట్టలన్నాక తొడుక్కోవాలి, మాయాలి, ఉతకాలి, చిరగాలి. ఒక్క బిడ్డ తొడుక్కుని పాకితే చాలు, తను వట్టి బొమ్మల బట్టలు చేసేదాన్ని కానని తేలిపోతుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఏడాదికేడాది అది లోపల ముదురుతూ వచ్చింది.

కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు పిన్ని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తన ఇంట్లో, తన కళ్ళెదుట పెరగబోయే బిడ్డ. ఇక ఎవరు ఏం సాకు చెబుతారు?

కోడలిది లిఫ్టుల కంపెనీలో ఫోనెత్తే ఉద్యోగం. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి జనం ఫోను చేసి అరుస్తుంటే, "కంగారు పడకండి, మీకేం కాదు, మనిషి బయల్దేరాడు," అని చెబుతూ ఉండాలి. ఆ పని వల్ల ఆ అమ్మాయి గొంతు పెంచడం మరిచిపోయింది. అబద్ధం చెప్పే అలవాటు కూడా పోయింది. పది నిమిషాల్లో వస్తాడని చెప్పి అరగంట చేస్తే ఇరుక్కున్నవాడు ఊరుకోడు కదా.

"అమ్మాయ్, ఒక్కటే అడుగుతాను," అంది పిన్ని.

"అడగండి అత్తయ్యా."

"పేరు మీరే పెట్టుకోండి. ఎవరి పోలికో మీరే తేల్చుకోండి. బడి కూడా మీ ఇష్టం, నేను నోరెత్తను. ఆసుపత్రి నించి ఇంటికి మాత్రం బిడ్డ నా స్వెటరులో రావాలి."

"అంతేగా? అలాగే."

"అంతేగా అనకు. ఇంతకుముందు అందరూ అలాగే అన్నారు."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు అత్తయ్యా. నేను అలాగే అంటే అలాగే."

పిన్ని వెన్నరంగు ఊలు తెప్పించింది. అల్లిన వరసలు విప్పి, విప్పినవి మళ్ళీ అల్లి, ఆర్నెల్ల పాటు భర్తకి ఒకే రకం కూర వండిపెట్టి, జత పూర్తి చేసింది. భర్త కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. ఎదురుగా ఉన్న అంకె చదవడం తప్ప దాని మీద వ్యాఖ్యానం చెయ్యడం ఆయన అలవాటు కాదు. కూర మీదా చెయ్యలేదు.

జత చూడ్డానికి పిన్ని చెల్లెలు వచ్చింది. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది, ఇంట్లోనూ చెబుతుంది. దొరబాబు ఒంటిమీద మెరిసిపోతున్న స్వెటరుని చూసి ఆవిడ మొహం ఒకసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"టోపీ ఎంత బావుందే అక్కా. బిడ్డకి టోపీ ఒకటి చాల్లే. స్వెటరెందుకు, బరువు."

"ఊలు బరువేమిటే? పిడికిట్లో పడుతుంది."

"అది కాదక్కా. కొందరు పిల్లలకి తల…"

"తల?"

చెల్లెలు నీళ్ళు నమిలింది. "తలనొప్పి. నాకు. పొద్దుటినించీ," అంది. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంటికి పంపించే రోజు ఆసుపత్రి గదిలో పిన్ని పొద్దున్నే పెట్టె తెరుచుకుని సిద్ధంగా కూర్చుంది. భర్త కిటికీ దగ్గర నిలబడ్డాడు. కొడుకు బిల్లు కౌంటరు దగ్గర వరసలో ఉన్నాడు. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని, ఏ క్షణాన్నయినా పారిపోవడానికి వీలుగా చెప్పులు విడవకుండా నిలబడింది.

బూట్లు ఎక్కాయి. కోడలు స్వెటరుని రెండు చేతులతో చుట్టగా మడిచి, మెడ భాగం వెడల్పు చేసి, పాప నడినెత్తి మీద పెట్టి, నెమ్మదిగా కిందికి లాగింది. నుదురు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"ఇంకొంచెం లాగు," అంది పిన్ని.

"లాగాను అత్తయ్యా."

"పక్కకి తిప్పి లాగు."

పక్కకి తిప్పితే ఒక చెవి దాటింది. రెండో చెవి ససేమిరా అంది. వెనక్కి తీద్దామంటే దాటిన చెవి అడ్డుపడింది. పాప అప్పటికి పరిస్థితి అర్థం చేసుకుని, కొత్త ఊపిరితిత్తుల్లో ఉన్న గాలంతా పెట్టి కేక వేసింది. ఆ కేకకి కోడలి గొంతు దానంతటదే మారిపోయింది. మెత్తగా, సమంగా, ఫోనులో వినిపించే గొంతు.

"కంగారు పడకండి. మీకేం కాదు. మేం ఇక్కడే ఉన్నాం. గాలి బాగానే ఆడుతుంది."

"ఎవరితో మాట్లాడుతున్నావే?" అంది పిన్ని బెదిరిపోయి.

"పాపతో అత్తయ్యా. మీరూ వినండి, మంచిది."

కేకలకి నర్సు పరిగెత్తుకొచ్చింది. ఒక వేలు మెడ అంచు కిందికి పోనిచ్చి, ఇంకో చేత్తో చెవి మడిచి, పైకి ఒక్క లాగు లాగేసరికి పాప తల సీసాలోంచి బిరడా వచ్చినట్టు బయటికొచ్చింది. నర్సు స్వెటరుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత బావుందండీ," అంది. "బొమ్మకా?"

పాప మొహం కందగడ్డలా ఉంది. రెండు చెవులూ ఎర్రబడ్డాయి.

పిన్ని చాలాసేపు మనవరాలి తల వంక చూసింది. చివరికి గొంతు తగ్గించి, ఎవరినీ నొప్పించకుండా, "తల కొంచెం పెద్దదేమో," అంది.

ఇక్కడ తలొంచుకుని ఊరుకుంటే కుటుంబ మర్యాద నిలబడిపోయేది. దొరబాబు ఇంకో తరం పాటు కొత్త బట్టలు తొడుక్కునేవాడు. కానీ కోడలు తలెత్తి, ఆ లిఫ్టు గొంతుతోనే, "తల మామూలుగానే ఉంది అత్తయ్యా. మెడే చిన్నది," అంది.

గుమ్మం దగ్గర ఏదో కింద పడ్డ చప్పుడయింది. చెల్లెలి చేతిసంచీ.

"అయితే మావాడిదీ మామూలేనా?" అంది ఆవిడ.

"ఎవరిదే మామూలు?"

"మా వాడి తలక్కా. నువ్విచ్చిన స్వెటరు పట్టకపోతే వాడి తలే పెద్దదనుకున్నాను. ఆయనా నేనూ టేపు పెట్టి కొలిచాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆ డాక్టరు మామూలే అంటే నమ్మక ఇంకో డాక్టరుకి చూపించాం. అప్పట్నించే కదా వాణ్ణి బుర్రోడనడం."

"అప్పుడే నాకు చెప్పచ్చుగా?"

"ఏమని చెప్పమంటావ్? నా కొడుకు తల గుమ్మడికాయంత ఉందని ఊరంతా టముకు వేసుకోనా?"

పాప ఇంటికి ఎలుగుబంటి ఉన్న చొక్కాలో వచ్చింది. కొడుకు బిల్లు కట్టి వస్తూ కింద దుకాణంలో కొన్నది. దాని మీద కూడా 'నేనే బాసు' అనే ఉంది.

ఇంటికొచ్చాక పిన్ని కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోలని ఒక్కొక్కటే చూసింది. ఇన్నేళ్ళూ అన్నం తింటూ చూసిన ఫోటోలే. ఒక బిడ్డ చెయ్యి స్వెటరు చేతికి పక్కనుంది, లోపల లేదు. ఇంకో బిడ్డకి మెడ కింద వేరే చొక్కా కాలరు కనిపిస్తోంది, స్వెటరు దాని పైన దుప్పటిలా పరిచి ఉంది. మరో ఫోటోలో స్వెటరు కింది అంచు రెండు పొరలూ బిడ్డ పొట్ట మీదే ఉన్నాయి. ఒక్కరు కూడా తొడుక్కోలేదు. అందరూ కప్పుకున్నారు.

"ఏమండీ, ఇది మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు భర్త.

"ఎప్పట్నించి?"

"మొదట్లోనే. రెండో మూడో ఫోటో అప్పుడు."

"నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"రీడింగు చూడ్డం వరకే నా పని. ఎందుకింత వచ్చిందని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు."

పిన్ని ఫోను తీసింది. బంధువుల్లో ఒక్కొక్కరికీ చేసి, క్షేమసమాచారాలు లేకుండా, "నిజం చెప్పు. నా స్వెటరు నీ పిల్లకి పట్టిందా, లేదా?" అని అడిగింది. అందరిదీ ఒకటే కథ. ఒకావిడ, తమ పిల్లకి మెట్టినింటి తల వచ్చిందని అత్తగారిని లోలోపల తిట్టుకుంటూ ఉండిపోయింది. ఆ అత్తగారు కూడా అటునించి అదే అనుకుంటోంది. ఒకాయన పిల్లాడికి తలమీద చెయ్యి వెయ్యకుండా పెంచాడు, ఒత్తితే ఇంకా సాగుతుందేమోనని. పటం కట్టించినావిడ మాత్రం ఏడ్చింది. ఏడ్చి, "మా పిల్ల తల బాగానే ఉందన్నమాట," అంది. ఆవిణ్ణి ఓదార్చడానికి పిన్నికి తీరిక లేదు.

పిన్ని బాధపడుతుందనే చెప్పలేదని ఒక్కరూ అనలేదు. అందరూ పిన్ని మనసు కాపాడుతున్నారని తర్వాత ఎవరైనా చెప్పుకుంటే అది వట్టి మాట. కాపాడుకున్నది ఎవరి పిల్లల తల వాళ్ళు.

చివరికి బుర్రోడే ఫోను చేశాడు. వాడు బ్యాంకులో పనిచేస్తాడు.

"పెద్దమ్మా, అమ్మ చెప్పింది. అంటే నా తల…"

"మామూలేరా నాయనా."

"ఇప్పుడా చెప్పడం? నాకు పెళ్ళయింది. మా ఆవిడ కూడా అలాగే పిలుస్తోంది. బ్యాంకులో మేనేజరు కూడా."

"మేనేజరుకి ఎవరు చెప్పారు?"

"అమ్మే. ఖాతా తెరవడానికి వచ్చినప్పుడు."

సాయంత్రానికి పిన్ని ఊలు ఉండలన్నీ గోనెలో వేసి మూతి కట్టేసింది. సూదులు అటక మీదికి పోయాయి. దొరబాబుని గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. రేపట్నించి మసిగుడ్డలు అల్లుతానని, వాటికి తల దూర్చవలసిన పని లేదని ప్రకటించింది. కొడుకు వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

"అమ్మా, పట్టిందా లేదా అన్నది కాదు ముఖ్యం. ప్రేమ ముఖ్యం."

"అలాగా? రేపు పొద్దున ప్రేమ తొడుక్కుని ఆఫీసుకి వెళ్ళు. ఎవరైనా ఏమైనా అంటే చెప్పు."

కొడుకు చెయ్యి తీసేసి టీవీ పెట్టుకున్నాడు.

కోడలు మాత్రం ఓదార్పు జోలికి పోలేదు. మూడు నాలుగు రోజులు చూసి, ఒకనాడు పొద్దున్నే పాపని ఒళ్ళో వేసుకుని, వెన్నరంగు స్వెటరు చేత్తో పట్టుకుని పిన్ని ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఇది ఫిర్యాదు. మెడ దగ్గర ఇరుక్కుంటోంది. మనిషిని పంపిస్తారా?"

"ఏ మనిషి? నా చేతివల్ల కాదు. బొమ్మలకి అల్లుకునేదాన్ని."

"బొమ్మ గొడవ నాకెందుకండీ. నేను అలాగే అన్నాను. పాప ఈ స్వెటరు తొడుక్కోవాలి. అది పట్టేదాకా ఫిర్యాదు ముయ్యను."

"వదిలేద్దూ."

"మా కంపెనీలో వదిలెయ్యడం ఉండదు. లోపల మనుషులుంటారు."

పిన్ని కోడలి వంక చూసింది. పాపని చూసింది. పాప ఆవలించింది. పిన్ని అటక మీదికి నిచ్చెన వెయ్యమని భర్తకి కేక పెట్టింది.

తల కొలవడమే పెద్ద ప్రహసనమయింది. కొలతటేపు నుదుటి దాకా రాగానే పాప పిడికిట్లో ఇరుక్కుంది. లాగితే ఏడుపు. చివరికి నిద్రపోయాక, చుట్టూ దారం తిప్పి, ఆ దారాన్ని గాజులా ముడివేశారు. ఇక మెడ విప్పాలి. ఇన్నేళ్ళలో ఒక్క ముగింపు వరస కూడా విప్పి ఎరగని పిన్ని, తను ఎక్కడ ముడివేసిందో తనకే దొరక్క, కిటికీ వెలుతురులో ఎంతసేపు తిప్పినా దారం కొస చిక్కక, తల అడ్డంగా ఊపింది. ఎంత బిగించానో, అంది. మొట్టమొదటిసారి అందులో గర్వం లేదు. కోడలు కత్తెర అందించింది. పిన్ని కళ్ళు మూసుకుని ఒకచోట కత్తిరించింది.

ఆ వరస విడిపోగానే కుట్లన్నీ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. వాటిని సూదికెక్కించి మళ్ళీ ముగించింది. దారం గాజు పెట్టి చూస్తే లోపలికి పోలేదు. విప్పింది. వదులుగా, వదులుగా అని పైకి అనుకుంటూ ముగించింది. మళ్ళీ పోలేదు. చేతులు ఆవిడ మాట వినడం లేదు. ఊలు వేలికి చుట్టుకునేసరికి కౌంటరు దగ్గర విన్న తిట్లన్నీ గుర్తొచ్చి వాటంతటవే బిగుసుకుంటున్నాయి.

"బొత్తాలు పెట్టేస్తే పోలా, పుస్తకంలో ఉన్నట్టు?" అన్నాడు భర్త. పెళ్ళయ్యాక ఆయన ఇచ్చిన మొదటి సలహా అది.

"బొత్తాలు మాత్రం పెట్టను," అంది పిన్ని. ఓడిపోవడానికి కూడా ఒక హద్దుంటుంది.

ఆయన మొహం వంక చూస్తూ చూస్తూ, ఆవిడ చూపు చొక్కా జేబు దగ్గర ఆగింది. అందులో లావాటి పెన్సిలు ఉంది, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. రిటైరయినా జేబులో పెట్టుకోవడం మానలేదు. పిన్ని దాన్ని లాక్కుంది.

"అది నాది," అన్నాడాయన.

"తెలుసు."

కుడిచేతి సూది పక్కన పడేసి, దాని బదులు పెన్సిలు మీద వరస ముగించింది. చేతులు ఎంత బిగించినా కుట్టు పెన్సిలు లావుకంటే చిన్నది కాలేదు. పని నెమ్మదయింది, రెండుసార్లు కుట్లు జారాయి, పిన్ని నోటివెంట పాప వినకూడని మాట ఒకటి వచ్చింది. చివరి కుట్టు ముగించి, దారం గాజు పెట్టింది. గాజు లోపలికి జారి అవతలినించి బల్లమీద పడింది. మెడ చుట్టూ అక్కడక్కడ ఎర్రటి పెన్సిలు మరక అంటింది.

"డిజైనులా ఉంది," అంది కోడలు.

"నోర్మూసుకుని తొడుగు," అంది పిన్ని.

పాప మెలకువగా ఉంది. కోడలు స్వెటరుని చుట్టగా మడిచి నెత్తిమీద పెట్టింది. నుదురు. కళ్ళు. ముక్కు. ఒక చెవి. పిన్ని రెండో చెవిని చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇటు చూడండి."

రెండో చెవి కూడా బయటికి వచ్చేసింది. దాని కింద మెడ ఉంది, మెడ కింద వెన్నరంగు స్వెటరు ఉంది. కోడలు ఒక చేతిలోంచి, తర్వాత ఇంకో చేతిలోంచి పాప పిడికిళ్ళు బయటికి లాగింది. భుజాల దగ్గర కొంచెం వదులు. చేతులు కొంచెం పొడుగు. పాప కాళ్ళు తన్నుకుంటూ, చేతులు ఊపుతూ, నెమలికన్ను అంచుని నలిపేస్తూ, లోపల ఉన్నదన్న స్పృహ కూడా లేకుండా పడుకుంది. పిన్ని వంగి దగ్గర్నించి చూసింది. ముట్టుకోలేదు. అప్పుడే వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"ఫోటో తియ్యండి, ఫోటో," అంది.

"ఫోటోలొద్దు," అంది పిన్ని.

అంతలో పాప పాలు కక్కింది. కొంచెం కాదు. గడ్డం మీదినించి కారి, మెడ నిండా, నెమలికన్నుల్లోకి ఇంకింది.

"అయ్యయ్యో, తీసెయ్యండి, వెన్నరంగు, మరక పడిపోతుంది," అంటూ చెల్లెలు చేతులు చాచింది. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. వాసన వస్తున్నా సరే, పాప నిద్రపోయేదాకా ఒంటిమీదే ఉంచింది. ఆ కాస్సేపూ ఆవిడ మొహం చూసినవాళ్ళకి, ఇల్లు కొనుక్కున్నప్పుడు కూడా అలా లేదే అనిపించింది. భర్తకి అనిపించింది గానీ, ఎప్పటిలాగే అనలేదు.

తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో తనే ఉతికింది. బాల్కనీలో తువ్వాళ్ళకీ, కొడుకు లుంగీలకీ మధ్య తీగమీద వేసి, క్లిప్పులు పెట్టి, పక్కనే నిలబడింది. తన స్వెటరు ఒకటి తడిసి నీళ్ళు కారడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"ఏవండీ పైనావిడా," అని కింద అంతస్తులోంచి కేక వచ్చింది. "నీళ్ళు కారుతున్నాయి. నేను దుప్పట్లు ఆరేసుకున్నాను ఇక్కడ."

"మా మనవరాలి స్వెటరండీ. పొద్దున తొడుక్కుంది. పాలు కక్కింది."

"కక్కితే కక్కింది. పిండి ఆరేసుకోవచ్చుగా?"

"ఊలు పిండకూడదండీ."

"అయితే పక్కకి జరపండి."

పిన్ని జరిపింది. నీళ్ళు ఇప్పుడు దుప్పటి తప్పించుకుని కింద బాల్కనీ రెయిలింగు మీద టపటపా పడుతున్నాయి.

"ఎంతసేపు కారుతుందండీ ఇది?" అని మళ్ళీ కేక.

"రోజూ కారుతుందండీ," అంది పిన్ని కిందికి వంగి. "ఇకనించి రోజూ."